ధ్రువణం సరిపోయినా డిగ్రీలు ఎందుకు తప్పుతాయి?

ప్రశ్నలు – జవాబులు: ఫెరోఎలక్ట్రిక్ పదార్థాల్లో ఎలక్ట్రోకెలోరిక్ సిమ్యులేషన్

ప్రశ్న: విద్యుత్ క్షేత్రం పెడితే ఫెరోఎలక్ట్రిక్ ముక్క (తనంతట తానే విద్యుత్ ధ్రువణం చూపే, క్షేత్రంతో ఆ దిశను తిప్పగల పదార్థం) వేడెక్కుతుంది, తీసేస్తే చల్లబడుతుంది, దీన్నే ఎలక్ట్రోకెలోరిక్ ప్రభావం అంటారు. కరెంటు పారితే వేడెక్కడం తెలుసు, తీసేస్తే చల్లబడడం ఎలా? దీన్ని కంప్యూటర్లో లెక్కగట్టే దారులేమిటి?

జవాబు: కరెంటు పారడం వల్ల వచ్చే వేడి వేరు, ఇది వేరు. అది ఒకవైపే నడుస్తుంది, ఇది రెండువైపులా నడుస్తుంది. చెల్లాచెదురుగా ఉన్న ద్విధ్రువాలను (ధన, రుణ ఆవేశాల జంటలను) క్షేత్రం ఒక దిక్కుకు తిప్పితే వాటి ఎంట్రోపీ, అంటే చెదురుతనపు కొలత, తగ్గుతుంది. వేడి బయటికి పోయే వీలు లేనప్పుడు మొత్తం ఎంట్రోపీ మారదు కాబట్టి, తగ్గిన ఆ వాటాను స్ఫటిక జాలక కంపనాలు మోయాలి. అంటే ఉష్ణోగ్రత పెరుగుతుంది. క్షేత్రం తీస్తే ద్విధ్రువాలు మళ్లీ చెదురుతాయి, అందుకు కావలసిన ఎంట్రోపీని జాలకం నుంచే తీసుకుంటాయి, ముక్క చల్లబడుతుంది. 1930లో కొబెకో, కుర్చాతోవ్ రోషెల్ లవణంలో గమనించినది ఇదే.

సిమ్యులేషన్‌కు మూడు స్థాయుల నమూనాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది లాండావ్ శక్తి సమీకరణం, దీనికి ఏ చిన్న కంప్యూటరైనా చాలు. రెండోది ఎఫెక్టివ్ హామిల్టోనియన్. ఇందులో ఒక్కో యూనిట్ సెల్‌ను ఒక్కో ద్విధ్రువంగా కుదిస్తారు. మూడోది ప్రతి పరమాణువునూ కదిలించే మాలిక్యులర్ డైనమిక్స్. ఏ నమూనా అయినా ఉష్ణోగ్రత మార్పును రాబట్టే పద్ధతులు రెండే. ధ్రువణం (ఘనపరిమాణంలో ద్విధ్రువాల మొత్తం బలం) ఉష్ణోగ్రతతో ఎలా మారుతోందో లెక్కించి, ఆ మార్పును క్షేత్రంతో ఎంట్రోపీ మారే తీరుకు ముడిపెట్టే మాక్స్‌వెల్ సంబంధం ద్వారా ఎంట్రోపీకి వెళ్లడం పరోక్ష పద్ధతి. నమూనాను వేడి పోకుండా మూసేసి, క్షేత్రం మార్చి, థర్మామీటరు చదివినట్టు ఉష్ణోగ్రతను చదవడం ప్రత్యక్ష పద్ధతి. ఒకే నమూనా మీద రెండూ చేసి చూడండి. రెండింటికీ పొంతన కుదరకపోతే తప్పు చాలావరకు ధ్రువణంలో ఉండదు, విశిష్టోష్ణంలో (ఒక కెల్విన్ వేడెక్కడానికి కావలసిన వేడిలో) ఉంటుంది. కింది ప్రశ్నల్లో సగం ఆ చోటికే వస్తాయి.

ప్రశ్న: బేరియం టైటనేట్‌కు బెల్, క్రాస్ 1984లో ఇచ్చిన లాండావ్ గుణకాలతో లెక్క చేశాను. 400 కెల్విన్ వద్ద, మీటరుకు 1.03 మెగావోల్టుల క్షేత్రంలో ధ్రువణం చదరపు మీటరుకు 0.18 కూలుంబులు వచ్చింది. ధ్రువణ వర్గంతో ఉండే చిన్న సూత్రం వాడితే 1.44 కెల్విన్ పెరుగుదల వస్తోంది. మిత్రుడి ప్రోగ్రాం అదే ధ్రువణానికి 1.85 చూపిస్తోంది. ఎవరిది సరైనది?

జవాబు: ఇద్దరిదీ కాదు. సరైన జవాబు సుమారు 1.5.

ధ్రువణం మాత్రం సరిగ్గానే వచ్చింది. ఆ గుణకాలు ఇవి. శక్తి సమీకరణంలో ధ్రువణ వర్గానికి 3.34 × 10⁵ × (ఉష్ణోగ్రత − 381). నాలుగో ఘాతానికి 4.69 × 10⁶ × (ఉష్ణోగ్రత − 393) − 2.02 × 10⁸. ఆరో ఘాతానికి −5.52 × 10⁷ × (ఉష్ణోగ్రత − 393) + 2.76 × 10⁹. అన్నీ ఎస్‌ఐ ప్రమాణాల్లో, ఉష్ణోగ్రత కెల్విన్‌లో. 400 కెల్విన్ వద్ద ఈ సమీకరణానికి సుమారు 0.69 నుంచి 0.74 మెగావోల్టుల మధ్య మాత్రమే రెండు స్థిరమైన మూలాలుంటాయి. మీ క్షేత్రం అంతకు పైన ఉంది కాబట్టి మూలం ఒక్కటే. ఆ ఇరుకు పట్టీలో పనిచేసేవారు న్యూటన్ పద్ధతి ఏ మూలం దగ్గర ఆగిందో నమ్మకూడదు. రెండు మూలాల శక్తినీ పోల్చి, తక్కువ ఉన్నదాన్ని తీసుకోవాలి.

మీ సూత్రంలో లోపం ఎక్కడంటే, అది వర్గ పదం గుణకం ఒక్కటే ఉష్ణోగ్రతతో మారుతుందని అనుకుంటుంది. ఈ గుణకాల్లో మూడూ మారుతున్నాయి. ఎంట్రోపీ అంటే శక్తిని ఉష్ణోగ్రతతో అవకలనం చేసి గుర్తు మార్చినది. కాబట్టి మూడు పదాలూ రావాలి. ధ్రువణం 0.18 అయితే వర్గ పదం ఘనమీటరుకు, కెల్విన్‌కు 10,820 జౌళ్ల తగ్గుదల ఇస్తుంది. నాలుగో ఘాతం ఇంకో 4,920 తగ్గిస్తుంది. ఆరో ఘాతం 1,880 తిరిగి కలుపుతుంది. మొత్తం దాదాపు 13,900 తగ్గుదల. జాలకపు విశిష్టోష్ణం ఘనమీటరుకు 30 లక్షల జౌళ్లు అనుకుని, 400తో గుణించి భాగిస్తే 1.85. మీ మిత్రుడి ప్రోగ్రాం చేసింది ఇదే.

అయితే ఆయన 400 కెల్విన్ వద్ద ఉన్న ధ్రువణాన్నే చివరిదాకా పట్టుకుని కూర్చున్నారు. ముక్క వేడెక్కేకొద్దీ అదే క్షేత్రంలో ధ్రువణం తగ్గుతుంది, దాంతో విడుదలయ్యే వేడీ తగ్గుతుంది. చివరి ఉష్ణోగ్రత ఒకటి ఊహించండి. అక్కడ ధ్రువణం కనుక్కోండి. దాని నుంచి ద్విధ్రువాల ఎంట్రోపీ తగ్గుదల లెక్కించి, దాన్ని విశిష్టోష్ణంతో భాగించి, ఆ ఫలితపు ఘాతీయ విలువను 400తో గుణించండి. వచ్చినది కొత్త ఊహ. ఇలా తిప్పితే 401.5 దగ్గర నిలుస్తుంది. అక్కడ ధ్రువణం 0.165కు దిగి ఉంటుంది, పెరుగుదల 1.53 కెల్విన్. ప్రావస్థ మార్పుకు (స్ఫటికం ఒక రూపం నుంచి మరో రూపానికి మారే చోటుకు) బాగా దగ్గర్లో ఈ తిప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు పాత ఊహనూ కొత్తదాన్నీ సగం సగం కలిపి ముందుకు వెళ్లండి. మీ 1.44 అసలు జవాబుకు దగ్గరగా ఉండడం కాకతాళీయమే. రెండు తప్పులు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. క్షేత్రం మార్చి చూడండి, ఆ పొత్తు నిలవదు.

ఇంకో మెలిక. ఈ పద్ధతిలో వాడాల్సింది ద్విధ్రువాల వాటా లేని, జాలకం ఒక్కదాని విశిష్టోష్ణం. మాక్స్‌వెల్ సంబంధాన్ని సమాకలనం చేసే పద్ధతిలో వాడాల్సింది స్థిరక్షేత్రం వద్ద మొత్తం విశిష్టోష్ణం, ప్రావస్థ మార్పు దగ్గర వచ్చే శిఖరంతో సహా. రెండింటినీ తారుమారు చేస్తే ద్విధ్రువాల వేడిని ఒక దారిలో రెండుసార్లు లెక్కపెడతారు, ఇంకో దారిలో వదిలేస్తారు.

ప్రశ్న: ఎఫెక్టివ్ హామిల్టోనియన్‌ను నడిపే ఫెరామ్ ప్రోగ్రాంలో బేరియం టైటనేట్‌ను క్షేత్రంలో సమతాస్థితికి తెచ్చి, తర్వాత క్షేత్రం తీసేసి స్థిరశక్తితో నడిపాను. 9 కెల్విన్‌లు చల్లబడింది. ఇంత పెద్ద ఫలితాన్ని నమ్మవచ్చా?

జవాబు: ముందు 5తో భాగించండి.

ఇది కాకిలెక్క కాదు. బేరియం టైటనేట్ యూనిట్ సెల్‌లో 5 పరమాణువులు, ఒక్కోటి 3 దిశల్లో కదులుతుంది, మొత్తం 15 కదలికలు. ఎఫెక్టివ్ హామిల్టోనియన్ వాటిలో ద్విధ్రువపు 3 కదలికలకే గతిశక్తి ఇస్తుంది. క్లాసికల్ లెక్కలో ఒక్కో కదలిక విశిష్టోష్ణానికి సుమారు ఒక బోల్ట్స్‌మన్ స్థిరాంకం మేర వాటా కలుపుతుంది. సెల్ ఘనపరిమాణం 64 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు అయితే 15 కదలికలకు ఘనమీటరుకు 32 లక్షల జౌళ్లు వస్తుంది, ఇది నిజ పదార్థానికి దగ్గర. 3 కదలికలకు వచ్చేది 6.5 లక్షలే. వేడి అదే, మోసే పాత్ర అయిదో వంతు, కాబట్టి మార్పు అయిదింతలు కనిపిస్తుంది. మీ 9 అసలు 1.8.

భాగించడంతో పని పూర్తవదు. మీ నమూనా నిజంగా 9 కెల్విన్‌లు కిందికి దిగింది, అసలు పదార్థం 1.8 మాత్రమే దిగాలి. ప్రావస్థ మార్పు దగ్గర ఆ తేడాలోనే ధ్రువణం చాలా మారిపోతుంది. అలాంటి చోట రెండు మార్గాలున్నాయి. ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి క్షేత్రాన్ని మెట్లు మెట్లుగా మార్చి, ఎంట్రోపీ మార్పును లెక్కించి, నిజ విశిష్టోష్ణంతో భాగించడం ఒకటి. క్రూట్జ్ 1983లో ప్రతిపాదించిన డీమన్ మాంటే కార్లోకు మారడం రెండోది. అందులో ప్రతి డీమన్ (నమూనాతో శక్తిని ఇచ్చిపుచ్చుకునే ఊహాత్మక సంచి) ఒక బోల్ట్స్‌మన్ స్థిరాంకం మేర విశిష్టోష్ణాన్ని కలుపుతుంది కాబట్టి, లోపించిన కదలికలకు బదులు అంతే సంఖ్యలో డీమన్లను చేర్చి పాత్రను అసలు సైజుకు పెంచవచ్చు. రెండోది చక్కని ఉపాయం, ఎందుకో తక్కువమంది వాడతారు.

తర్వాత చూడాల్సింది ప్రావస్థ మార్పు మీ నమూనాలో ఎక్కడ వస్తోందో. ఝోంగ్, వాండర్బిల్ట్, రేబ్ మొదట చేసిన నమూనాలో ఘన, చతుష్కోణ ప్రావస్థల మధ్య మార్పు 297 కెల్విన్ దగ్గర వచ్చింది, ప్రయోగంలో అది 403. జాలకం కొలత సరిపోయేందుకు −4.8 గిగాపాస్కల్ పీడనం పెట్టినా అంతే. అందుకే ఫలితాన్ని 400 కెల్విన్ అని కాకుండా ప్రావస్థ మార్పుకు ఇన్ని డిగ్రీల పైన అని చెప్పడం నిజాయితీ. వాడిన పీడనాన్ని తప్పక రాయండి, అది లేకుండా ఆ గ్రాఫును మరొకరు మళ్లీ గీయలేరు.

సూపర్‌సెల్ (యూనిట్ సెల్‌లు పేర్చి సిమ్యులేట్ చేసే పెట్టె) సైజు కూడా ముఖ్యమే. 16 × 16 × 16 సెల్‌లతో 4,096 ద్విధ్రువాలుంటాయి, 400 కెల్విన్ వద్ద క్షణక్షణపు ఉష్ణోగ్రత 4, 5 కెల్విన్‌లు ఊగుతుంది. చాలాసేపు సగటు తీస్తే తప్ప మీ నమూనాలోని 9 కెల్విన్‌ల మార్పు ఆ ఊగులాటలో కచ్చితంగా తేలదు. 96 × 96 × 96 తీసుకుంటే ఊగులాట 0.4 కెల్విన్ లోపు ఉంటుంది. చిన్న పెట్టెలో ప్రావస్థ మార్పు కూడా నునుపుగా సాగిపోయి అసలు ఎత్తు కోల్పోతుంది.

చివరగా, క్షేత్రాన్ని ఒక్కసారిగా తీయకండి. ఠక్కున పెట్టినా తీసినా ప్రక్రియ వెనక్కి తిప్పలేనిదవుతుంది, అదనపు వేడి లోపల మిగులుతుంది. ఆ అదనం గరిష్ఠంగా క్షేత్రం, ధ్రువణ మార్పుల లబ్ధం అంత. మీటరుకు 1 మెగావోల్టు, 0.18 కూలుంబుల దగ్గర అది 0.06 కెల్విన్, పట్టించుకోనక్కర్లేదు. మీటరుకు 30 మెగావోల్టులు, 0.3 కూలుంబుల దగ్గర గరిష్ఠం 3 కెల్విన్‌లు. చల్లదనాన్ని మింగేయడానికి అది చాలు. 2 ఫెమ్టోసెకన్ల అడుగుతో 100 పికోసెకన్ల పాటు క్షేత్రాన్ని మెల్లగా దించండి. తర్వాత వేగం సగానికి తగ్గించి మళ్లీ నడపండి. జవాబు మారితే ఇంకా మెల్లగా వెళ్లాలి. పైకి తీసుకెళ్లి కిందికి దించినప్పుడు మొదటి ఉష్ణోగ్రతకే తిరిగి వచ్చిందా అన్నది అన్నిటికన్నా గట్టి పరీక్ష. ఒక్క గమనిక: సూపర్‌సెల్ ఊగులాటకు ఇచ్చిన అంకెలన్నీ 5తో భాగించని, నమూనా ఉష్ణోగ్రతలోనివి. క్షేత్రాన్ని ఠక్కున మార్చినప్పటి అదనపు వేడికి ఇచ్చిన అంకెలు నిజ విశిష్టోష్ణంతో లెక్కించినవి.

ప్రశ్న: మాలిక్యులర్ డైనమిక్స్ ప్రోగ్రాం ల్యాంప్స్ (LAMMPS)లో కోర్–షెల్ నమూనాతో, అంటే ఒక్కో అయాన్‌ను స్ప్రింగుతో కలిపిన బరువైన కోర్, తేలికైన షెల్లు అనే రెండు ఆవేశాలుగా చూపే నమూనాతో, చేస్తున్నాను. మీటరుకు 10 మెగావోల్టులు పెట్టాననుకున్నాను, స్ఫటికం చిందరవందర అయిపోయింది. చిన్న క్షేత్రాలకు బాగానే ఉన్నా ఉష్ణోగ్రత అర్థం కాని విధంగా పెరుగుతోంది.

జవాబు: మొదటిది దాదాపు ఖాయంగా ప్రమాణాల గొడవ. ల్యాంప్స్‌లో ‘మెటల్’ అనే ప్రమాణాల పద్ధతి పెట్టుకుంటే, క్షేత్రం పెట్టే ఎఫీల్డ్ ఫిక్స్ ఆదేశం దాన్ని ఆంగ్‌స్ట్రామ్‌కు వోల్టుల్లో అడుగుతుంది. ఆంగ్‌స్ట్రామ్‌కు 1 వోల్టు అంటే మీటరుకు 10,000 మెగావోల్టులు. మీకు కావలసింది 0.001. అక్కడ 0.1 రాస్తే ఏ స్ఫటికమూ బతకదు.

ఉష్ణోగ్రత పెరగడానికి ఈ వరుసలో వెతకండి. క్షేత్రం కోర్లకూ షెల్లులకూ రెండింటికీ పడుతోందా? ఒక్క కోర్ల గ్రూపుకే పెడితే ధ్రువణమే తప్పుతుంది. ఉష్ణోగ్రతను కోర్–షెల్ జంట గురుత్వ కేంద్రం వేగం నుంచి తీస్తున్నారా? మామూలు కంప్యూట్ టెంప్ షెల్లుల లోపలి కదలికనూ కలుపుకుంటుంది. దానికోసం విడిగా కోర్–షెల్ కంప్యూట్ ఉంది, థర్మోస్టాట్‌కు కూడా దాన్నే అప్పగించాలి. షెల్లు ద్రవ్యరాశి తక్కువ కాబట్టి 1 ఫెమ్టోసెకను అడుగు ఎక్కువే, 0.2 నుంచి 0.4 మధ్య ఉంచండి. క్షేత్రం లేకుండా స్థిరశక్తితో ముందు కొంతసేపు నడిపి శక్తి జారుతోందేమో చూడండి. ఆ జారుడు వల్ల వచ్చే ఉష్ణోగ్రత మార్పు, మీరు వెతుకుతున్న మార్పులో వందో వంతుకు మించకూడదు.

స్థిరక్షేత్రంలో శక్తి నిలకడను చూసేటప్పుడు ఎఫీల్డ్ ఫిక్స్‌కు ఫిక్స్ మోడిఫైలో ఎనర్జీ ఆప్షన్ ఆన్ చేయండి. లేకపోతే క్షేత్రంతో ఉండే శక్తి మొత్తంలోకి రాక, లేని తప్పు ఉన్నట్టు కనిపిస్తుంది. క్షేత్రాన్ని దించుతున్నప్పుడు మాత్రం శక్తి మారాలి, అది క్షేత్రం చేసే పనే.

ఇక్కడ 15 కదలికలూ ఉన్నాయి కాబట్టి 5తో భాగించే పని లేదు. ధ్రువణాన్ని స్థానాల నుంచి లెక్కించేటప్పుడు ఏ అయానైనా పెట్టె అంచు దాటి అటువైపు తేలితే అంకె ఒక్కసారిగా గెంతుతుంది. అంచు మడత విప్పిన స్థానాలు వాడండి. 64 ఘన ఆంగ్‌స్ట్రామ్‌ల సెల్‌లో ఒక ఎలక్ట్రాన్ ఆవేశం ఒక ఆంగ్‌స్ట్రామ్ కదిలితే ధ్రువణం 0.25 కూలుంబులు. ఈ ఒక్క అంకె గుర్తుంటే ప్రమాణాల తప్పులు చాలావరకు చూడగానే పట్టుబడతాయి.

ప్రశ్న: వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద హిస్టరీసిస్ లూపులు (క్షేత్రాన్ని పెంచి దించినప్పుడు ధ్రువణం గీసే మూసిన వక్రాలు) సిమ్యులేట్ చేసి, ధ్రువణాన్ని ఉష్ణోగ్రతతో అవకలనం చేశాను. క్యూరీ ఉష్ణోగ్రతకు (ఫెరోఎలక్ట్రిక్ గుణం పోయే ఉష్ణోగ్రతకు) దిగువన ఒకచోట క్షేత్రం పెడితే చల్లబడుతున్నట్టు పెద్ద ముల్లు వచ్చింది. రుణాత్మక ఎలక్ట్రోకెలోరిక్ ప్రభావం దొరికినట్టేనా?

జవాబు: దొరికిందని ప్రకటించే ముందు మూడు అనుమానాలు తీర్చుకోవాలి.

మాక్స్‌వెల్ సంబంధం సమతాస్థితికే వర్తిస్తుంది. మీ లూపులో క్షేత్రం కోయెర్సివ్ విలువకు (ధ్రువణాన్ని తిప్పడానికి కావలసిన క్షేత్రానికి) తక్కువగా ఉన్న భాగంలో కొన్ని డొమైన్లు (ఒకే దిశ ధ్రువణం ఉన్న ప్రాంతాలు) తిరిగి, కొన్ని తిరగక ఉంటాయి. ఉష్ణోగ్రత పెరిగితే డొమైన్లు తేలిగ్గా తిరిగి ధ్రువణం పెరిగినట్టు కనిపిస్తుంది. మీ ముల్లు అదే కావచ్చు. గరిష్ఠ క్షేత్రం నుంచి దిగే శాఖను మాత్రమే వాడండి, సమాకలనాన్ని సున్నా నుంచి కాక, లూపు మూసుకున్న క్షేత్రం నుంచి మొదలుపెట్టండి.

రెండోది ఉష్ణోగ్రతల మధ్య దూరం. మార్పు దగ్గర 1 కెల్విన్ ఎడం, దూరంగా 5 నుంచి 10 చాలు. అన్నిచోట్లా 10 పెట్టి మధ్యలో స్ప్లైన్ (బిందువులను కలిపే నునుపైన వక్రం) లాగితే ఆ స్ప్లైనే గుంటలూ గుట్టలూ తయారుచేస్తుంది. దీనికి ఒక తనిఖీ ఉంది. ఎంట్రోపీ మార్పును రెండు ఉష్ణోగ్రతల మధ్య సమాకలనం చేస్తే వచ్చేదీ, ఆ రెండు ఉష్ణోగ్రతల వద్ద ధ్రువణాల తేడాను క్షేత్రంతో సమాకలనం చేస్తే వచ్చేదీ ఒకటే కావాలి. రెండోదానికి అవకలనం అక్కర్లేదు, కాబట్టి దాన్ని నమ్మవచ్చు.

మూడోది, మొదటి తరగతి మార్పులో ధ్రువణం గెంతుతుంది. గెంతును అవకలనం చేయడంలో అర్థం లేదు. అక్కడ ధ్రువణపు గెంతును ఎంట్రోపీ గెంతుతో భాగించే క్లాసియస్–క్లాపెరాన్ సమీకరణం వాడండి. పైన చెప్పిన లాండావ్ గుణకాలతో మార్పు 392, 393 కెల్విన్‌ల దగ్గర వస్తుంది. అక్కడ ధ్రువణపు గెంతు 0.19, ఎంట్రోపీ గెంతు 15,600. భాగిస్తే, మీటరుకు ఒక మెగావోల్టు క్షేత్రం ప్రావస్థ మార్పు ఉష్ణోగ్రతను సుమారు 12 కెల్విన్‌లు పైకి జరుపుతుంది.

ఇవన్నీ దాటి ముల్లు నిలిస్తే అది నిజం కావచ్చు. ఉదాహరణకు 278 కెల్విన్‌కు కాస్త దిగువన, ఆర్థోరాంబిక్ ప్రావస్థలో ఉన్న బేరియం టైటనేట్‌కు ఘనపు అంచు దిశలో క్షేత్రం పెడితే అది చతుష్కోణ ప్రావస్థలోకి మారుతుంది. చతుష్కోణ ప్రావస్థ ఎంట్రోపీ ఎక్కువ, కాబట్టి క్షేత్రం పెట్టినప్పుడే చల్లబడుతుంది. పక్కపక్క ద్విధ్రువాలు ఎదురెదురు దిశల్లో ఉండే యాంటీఫెరోఎలక్ట్రిక్‌లలో కూడా ఇలాంటిది కనిపిస్తుంది. మీ నమూనా ఆ రెంటిలో ఏదీ కాకపోతే, అనుమానాన్ని లూపు మీదే ఉంచండి.

ప్రశ్న: 2006లో 350 నానోమీటర్ల పొరలో 12 కెల్విన్‌లు వచ్చిందని చదివి, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో (వస్తువును చిన్న ముక్కల మెష్‌గా విడగొట్టి లెక్కించే పద్ధతిలో) అదే మందం పొరను సబ్‌స్ట్రేట్ (పొరను మోసే అడుగు పలక) మీద పెట్టి నడిపాను. ఉష్ణోగ్రత కదలనే లేదు.

జవాబు: మీ సిమ్యులేషన్ సరిగ్గానే పనిచేస్తోంది. ఆ 12 కెల్విన్‌లు జిర్కోనియం ఎక్కువగా ఉన్న లెడ్ జిర్కోనేట్ టైటనేట్ పొరలో, 226 డిగ్రీల సెల్సియస్ వద్ద, 25 వోల్టులకు, పరోక్ష పద్ధతిలో లెక్కించినవి. పొర ఒంటరిగా ఉన్నట్టు భావించిన అంకె అది. సబ్‌స్ట్రేట్ అర మిల్లీమీటరు అయితే పొర కన్నా 1,400 రెట్లు మందం, వేడి అంతటా సర్దుకున్నాక మిగిలేది 0.01 కెల్విన్ కన్నా తక్కువ. ఉష్ణ విసరణ గుణకం సెకనుకు 10⁻⁶ చదరపు మీటర్ల స్థాయిలో ఉంటే ఆ పొర నుంచి వేడి జారిపోవడానికి 0.1 మైక్రోసెకను చాలు. మీ కాలపు అడుగు మిల్లీసెకను అయితే ఆ శిఖరం రెండు అడుగుల మధ్య పుట్టి పోయి ఉంటుంది. అడుగును 5 నానోసెకన్లకు తగ్గించి, పొరకూ సబ్‌స్ట్రేట్‌కూ మధ్య సరిహద్దు దగ్గర మెష్‌ను చిక్కగా చేయండి, శిఖరం కనిపిస్తుంది. వోల్టేజీ కూడా అంత వేగంగా పెరగాలని మరవకండి. అదే పదార్థం 100 మైక్రాన్ల పలకగా ఉంటే ఈ కాలం 0.01 సెకను. పరికరాలు మందమైన పలకల వైపో, పొరలు పొరలుగా పేర్చిన కెపాసిటర్ల వైపో వెళ్లింది ఇందుకే.

ప్రశ్న: 100 కెల్విన్‌కు దిగువన కూడా ఇవే ప్రోగ్రాంలు వాడవచ్చా?

జవాబు: జాగ్రత్తగా. క్లాసికల్ సిమ్యులేషన్‌లో విశిష్టోష్ణం ఎంత చల్లగా ఉన్నా తగ్గదు, నిజ పదార్థంలో గణనీయంగా తగ్గుతుంది. అందువల్ల వచ్చిన ఉష్ణోగ్రత మార్పు నిజం కన్నా తక్కువగా ఉంటుంది. ఎంట్రోపీ మార్పును మాత్రమే సిమ్యులేషన్ నుంచి తీసుకుని, కొలిచిన విశిష్టోష్ణంతో భాగిస్తే కొంత నయం. స్ట్రాన్షియం టైటనేట్ లాంటి క్వాంటం పారాఎలక్ట్రిక్‌లకు అదీ పనికిరాదు. శూన్య బిందు కంపనాలే అక్కడ ఫెరోఎలక్ట్రిక్ స్థితిని అడ్డుకుంటాయి, క్లాసికల్ నమూనాకు అవి కనిపించవు. వాటికి క్వాంటం కంపనాలను కూడా లెక్కలోకి తీసుకునే పాత్ ఇంటిగ్రల్ పద్ధతి కావాలి.